కూరలో దొరికిన ఆధారం: డిటెక్టివ్ కథల్లో ఉత్కంఠ ఎలా పుడుతుంది?

ప్రిపరేషన్‌లో ఉండి డిటెక్టివ్ కథలు చదవడమేంటని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించి రెండేళ్లు కథల పుస్తకం ముట్టుకోలేదు. కిందటిసారి మెయిన్స్‌లో పోయాక, నేను రాసుకున్న ప్రాక్టీస్ వ్యాసాలు రూమ్మేట్‌కి ఇచ్చాను. మొదటి పేజీ చదివి పక్కన పెట్టేశాడు. "అన్నీ ఇక్కడే చెప్పేశావు కదరా, ఇంక లోపల ఏముంటుంది?" అన్నాడు. కోపం వచ్చింది కానీ మాట నిజమే. చదివేవాళ్లచేత పేజీ తిప్పించడం ఎలాగో ఆ పనిలో ఆరితేరినవాళ్ల దగ్గరే నేర్చుకుందామనుకున్నాను.

ఉత్కంఠ అంటే రచయిత విషయం దాచిపెట్టడం అనుకునేవాణ్ణి. ఆర్థర్ కోనన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్ కథ 'సిల్వర్ బ్లేజ్' (1892) చదివాక ఆ అభిప్రాయం మారింది.

పెద్ద పందెానికి ముందు ఒక గుర్రం రాత్రికి రాత్రే మాయమవుతుంది. దాని శిక్షకుడు స్ట్రేకర్ బయట చచ్చిపడి ఉంటాడు. శాలకి కాపలా ఉన్న కుర్రాడు తిన్న మటన్ కూరలో నల్లమందు కలిసింది. ఆ రాత్రే సింప్సన్ అనే కొత్త మనిషి శాల దగ్గర తచ్చాడాడు. అతని మెడగుడ్డ శవం చేతిలో దొరికింది. పోలీసులు అతన్ని పట్టుకున్నారు. మనం కూడా అతన్నే పట్టుకుంటాం.

ఇక్కడ డాయిల్ ఏం చేశాడో చూడండి. కూర సంగతి మొదట్లోనే చెప్పేశాడు. మందు ఎవరు కలిపారా అని మనం ఆలోచిస్తాం. ఆ రోజు కూరే ఎందుకు వండారని హోమ్స్ ఆలోచిస్తాడు. నల్లమందు రుచి తెలియకుండా ఉండాలంటే మసాలా కావాలి. ఆ రాత్రి భోజనంలోకి ఏం వండాలో బయటివాడు నిర్ణయించలేడు కదా! చేదు మాత్రని బెల్లంలో పెట్టి మింగినవాళ్లమే మనం, అయినా నాకు తట్టలేదు.

తర్వాత కుక్క. శాలలో కుక్క ఉన్నా, గుర్రాన్ని తీసుకెళ్తుంటే అది మొరగలేదు. జరిగినవాటినే మనం లెక్కపెడతాం. జరగాల్సి ఉండీ జరగనిదాన్ని హోమ్స్ పట్టుకున్నాడు. ఇక గొర్రెలు. అక్కడి మందలో కొన్ని ఈ మధ్య కుంటుతున్నాయని వినగానే హోమ్స్ సంబరపడతాడు. ఎందుకో చెప్పడు. సమాచారం మన చేతికి వచ్చింది, అర్థం మాత్రం రాలేదు. ఉత్కంఠ పుట్టేది ఆ మధ్యలోనే.

కథ చెప్పేది వాట్సన్ కాబట్టి ఇది కుదిరింది. హోమ్స్ చూసింది అతనూ చూస్తాడు, హోమ్స్ తలలో ఏముందో అతనికీ తెలీదు. వ్యోమకేశ్ బక్షీ పక్కన అజిత్, ఫెలూదా పక్కన తోప్సే చేసేదీ ఇదే పని. 1929లో రోనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథలకి పది నియమాలు రాశాడు. ఆధారం దొరికిన వెంటనే పాఠకుడికి చూపించాలన్నది వాటిలో ఒకటి. దాచిపెట్టి చివర్లో బయటికి తీస్తే ఆశ్చర్యం కలగొచ్చు, ఉత్కంఠ కలగదు.

ఇందులో మనకేముంది? ప్రిలిమ్స్‌లో నేను చాలాసార్లు సింప్సన్‌నే అరెస్టు చేశాను. ముందు కంటపడ్డ ఆప్షన్‌కి బబుల్ దిద్దేసి, ఇంకో స్టేట్‌మెంట్‌లో ఉన్న కూరని వదిలేశాను.

వ్యాసం డిటెక్టివ్ కథ కాదు, నిజమే. దిద్దేవాళ్లని తప్పుదారి పట్టించకూడదు. కానీ ఒక్కో వ్యాసానికి 125 మార్కులు, వెయ్యికి పైగా పదాలు. అంత దూరం వాళ్లని నడిపించాలంటే ముందు ఒక ప్రశ్న ఉండాలి. ఇదివరకు కరువు మీద రాస్తే కారణాలన్నీ మొదటి పేరాలోనే కుక్కేవాణ్ణి. పోయిన వారం ఇలా మొదలుపెట్టాను: అమర్త్య సేన్ లెక్క ప్రకారం 1943లో బెంగాల్‌లో ఆహారం 1941 కంటే ఎక్కువే ఉంది. మరి లక్షల మంది ఆ ఏడే ఎందుకు చచ్చిపోయారు? ధరలు, కూలి, కొనే శక్తి ఒక్కో పేరాలో ఒక్కో ఆధారంలా వచ్చాయి.

అదే రూమ్మేట్‌కి ఇచ్చాను. ఈసారి పేజీ తిప్పాడు. మార్కులెన్ని వస్తాయో మెయిన్స్ తర్వాత గానీ తెలీదు.

స్ట్రేకర్‌ని చంపిందెవరో నేను చెప్పలేదు, గమనించారా? ఈ రాత్రి రివిజన్ అయ్యాక కథ చదవండి. గొర్రెల దగ్గర మాత్రం కాసేపు ఆగండి.