కంటికి కనబడని మరక

గత సంక్రాంతికి మా యక్క కుమారుడు కల్పాక్కమునుండి పలాసకు వచ్చెను. అతడచ్చటి అణువిద్యుత్కేంద్రమున ఉద్యోగి. మా యక్క అతని బట్టలను వేఱుగ నానబెట్టి, మనుమరాలిని దరి చేరనీయకుండెను. మాకు నవ్వు రాలేదు. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి యిండ్లకిండ్లను కూల్చుచున్నను దాని మూలము నేటికిని నిశ్చయముగ తేలలేదు. కనబడని దానికి వెఱచుట మావారికి వెఱ్ఱి కాదు. ఈ జిల్లాలోనే రణస్థలముకడ కొవ్వాడను 2009లో అణుకేంద్రమునకై యెంచిరి. నాటినుండి యీ మాట మా యిండ్లలోనికి వచ్చినది.

"జీడిపిక్కలు కొట్టు ఆడువారి చేతులు చూడుమమ్మా" యని అతడు చెప్పసాగెను. "ఆ నూనె తుడిచిన కొంత పోవును, కొంత చర్మమున నింకును. మాకడ మరకయు నట్లే రెండు తెఱగులు. ఊడునదియే మాకెక్కువ భయము. అది చేతినుండి నోటికి పోవును, గాలిలో లేచును."

అందుకని బల్లను, నేలను చిన్న గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను యంత్రముకడ నుంచి కొలుతురట. సెకనుకొక్క పరమాణువు విచ్ఛిన్నమైన నది యొక బెకరెల్. రేడియోధార్మిక పదార్థములను మోయు పెట్టెలపై ఊడు మరక, బీటా గామా కిరణముల నిచ్చునదైన, చదరపు సెంటీమీటరునకు 4 బెకరెల్‌లు మించరాదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నియమము. ఆల్ఫా కిరణముల నిచ్చువానిలో పెక్కింటికి 0.4 మాత్రమే. ఆల్ఫా కాగితమునైన దాటలేదు గదా, దానికేల యింత కఠినమని యడిగితిమి.

"బయట నున్నప్పుడు కాగితము చాలును పిన్నీ. ఊపిరితో లోనికి పోయినచో నడ్డుపెట్టుటకు కాగితమేది?"

"నాలుగు మంచిదియు, అయిదు చెడ్డదియునా?" యని మా యక్క.

అయిదైనంతనే యెవరును జబ్బు పడరనియు, మన యొడలిలోని పొటాషియమువలననే సెకనుకు సుమారు 4000 పరమాణువులు విచ్ఛిన్నమగుచుండుననియు అతడు చెప్పెను. అయినను పెట్టెను కడిగి, మరల కొలిచి, లెక్క సరిపడినగాని కదలనీయరట. పనిబట్టలు లోపలనే విప్పి యచ్చటనే యుతికింతురు. వెలుపలికి వచ్చునప్పుడు చేతులు, పాదములు కొలిపించుకొనవలెను.

"ఆ యంత్రమే చెడినచో?"

ఈ ప్రశ్న మాకు మిక్కిలి నచ్చినది. బలము తెలిసిన చిన్న మూలమును దానికి చూపి తఱచుగ పరీక్షింతురట. ఇట్టి లెక్కలు, ఆ పరీక్షలు వ్రాసిన పుస్తకములు తీరమందలి స్త్రీలకు తెలుగున చదివి వినిపింపవలదా? ఇంజనీర్లకు తెలిసిన చాలునా?

సాయంకాలము మా యక్క మనుమరాలిని అతని యొడిలో కూర్చుండబెట్టెను. బట్టలు మాత్రము మఱునాడును వేఱుగనే నానినవి.