రెండు వికెట్లకు 376

బెజవాడ స్టేడియం అంటే మా ఇంట్లో ఒక్కొక్కళ్లకి ఒక్కొక్కటి గుర్తొస్తుంది. మా ఆయనకి శామ్యూల్స్ సెంచరీ. మా మరిదికి 2019 మే 30న జగన్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన సభ. మా అమ్మాయికి 2025 ఫిబ్రవరిలో జరిగిన తమన్ సంగీత విభావరి. నాకేమో పుస్తకాలు.

లబ్బీపేటలో, బందరు రోడ్డు మీద ఉన్న ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియం గురించే చెప్తున్నాను. మా పుట్టింటి ఊళ్లో ఒక పెద్ద ఇత్తడి గుండిగ ఉండేది. పెళ్లయినా, సమర్తయినా, ఆఖరికి పెద్దకర్మయినా అదే వచ్చేది. ఎవరిదో ఎవరికీ పట్టేది కాదు. ఈ స్టేడియం కూడా అంతే. పంద్రాగస్టు పెరేడ్ అక్కడే, ప్రమాణ స్వీకారం అక్కడే, పాటల కచేరీ అక్కడే. ఆట మాత్రం, అంటే మగవాళ్ల అంతర్జాతీయ వన్డే, ఒకే ఒక్కసారి జరిగింది.

అది 2002 నవంబరు 24. కార్తీక మాసం, ఆదివారం. వెస్టిండీస్‌తో ఏడు మ్యాచ్‌ల సిరీస్, అప్పటికి మూడూ మూడూ సమానం. తేలాల్సింది బెజవాడలోనే. చిలకలూరిపేట నుంచి ఎంత దూరమండీ! గుంటూరు దాటితే వచ్చేసినట్టే. మా ఆయన, మరిది, కొట్లో వాళ్లు కలిసి ఆరుగురు టికెట్లు సంపాదించారు. "నేనూ వస్తాను" అన్నాను. డిగ్రీలో ఉన్నప్పుడు మా రూములో తెలుగు మెయిన్ వాళ్లమైనా సరే పద్యాలకంటే స్కోర్లే బాగా వచ్చేవి. అత్తయ్య "చంటిపిల్లనేసుకుని ఆ జనంలోకా?" అంది. ఆ మాటలో తప్పేం లేదు, మా అమ్మాయికి అప్పుడు అయిదో నెల. కానీ చంటిపిల్ల లేకపోయినా నేను వెళ్లేదాన్ని కాదు. ఆ ఆరుగురిలో ఒక్కరి భార్య కూడా వెళ్లలేదు మరి. రాత్రి మూడింటికి లేచి ఆరుగురికీ పులిహోర కలిపి డబ్బాలు కట్టాను.

వాళ్లు మంగళగిరి దాటకముందే డబ్బాలు ఖాళీ చేసేశారట. వెస్టిండీస్ 315 కొట్టింది. మార్లన్ శామ్యూల్స్ ఒక్కడే 108, అవుటవ్వకుండా. మనవాళ్లు 180కే చాప చుట్టేశారు. ఆటా పోయింది, సిరీసూ పోయింది. పిల్లకి పాలిస్తూ నేనే నయంగా చూశాను టీవీలో. రాత్రి కారులోంచి ఆ ఆరుగురూ పీటల మీద పెళ్లి ఆగిపోయిన మగపెళ్లివారిలా దిగారు. అన్నం పెడితే ఒక్కళ్లూ మాట్లాడలేదు. పులిహోర ఎలా ఉందో కూడా చెప్పలేదు, అది వేరే సంగతి.

తర్వాత ఆ గ్రౌండుకి పెద్ద క్రికెట్ మళ్లీ రాలేదు. విశాఖలో పోతినమల్లయ్యపాలెం దగ్గర కొత్త స్టేడియం కట్టారు. 2005 ఏప్రిల్లో పాకిస్తాన్ మీద ధోని 148 కొట్టింది అక్కడే. ఇక బెజవాడని ఎవరు తలుచుకుంటారు?

నేను ఆ గేటు దాటడానికి ఇరవై రెండేళ్లు పట్టింది. అదీ పుస్తకాల పుణ్యమే. బెజవాడ పుస్తకాల పండగంటే మాకు స్వరాజ్ మైదానమే. అక్కడ 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం వచ్చింది. 2025 జనవరిలో ముప్ఫై అయిదో పుస్తక మహోత్సవం ఈ స్టేడియంలో పెట్టారు. అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. కాళ్లు లాగేదాకా తిరిగి, సంచి బరువెక్కాక గ్యాలరీ మెట్ల మీద కూలబడ్డాం. మెట్లు ఎండకి వెచ్చగా ఉన్నాయి. "నాన్న ఎక్కడ కూర్చున్నాడో?" అని అమ్మాయి నవ్వుతూ ఫోన్ తీసి, ఈ గ్రౌండులో జరిగిన మ్యాచ్‌లు వెతికింది. అప్పుడు బయటపడిందండీ అసలు సంగతి.

1997 డిసెంబరు 12న ఇక్కడ ఆడవాళ్ల ప్రపంచకప్ మ్యాచ్ జరిగింది. ఇంగ్లండుకీ పాకిస్తాన్‌కీ. ఇంగ్లండు అమ్మాయిలు యాభై ఓవర్లలో రెండు వికెట్లకు 376 కొట్టారు. ఆ జట్టుకి 2016 దాకా, అంటే దాదాపు పందొమ్మిదేళ్లు, అదే అతి పెద్ద స్కోరు.

ఆ అంకె మీకు ఎక్కడో విన్నట్టు లేదూ? ఇంటికొచ్చి మా ఆయన్ని అడిగాను, రెండు వికెట్లకు 376 ఎవరిది అని. పేపరులోంచి తలెత్తకుండా "సచిన్, ద్రావిడ్. హైదరాబాద్, లాల్ బహదూర్ స్టేడియం. 1999 నవంబరు 8. న్యూజిలాండ్ మీద. సచిన్ 186 నాటౌట్, ద్రావిడ్ 153" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పారు. మా పెళ్లిరోజు అడిగితే ఇంత తొందరగా రాదు. "దానికి రెండేళ్ల ముందే మన బెజవాడలో ఆడపిల్లలు అంతే కొట్టారు" అన్నాను. పేపరు మడిచి, ఫోన్ తీసుకుని రెండుసార్లు చూశారు. "మాకెవరూ చెప్పలేదే" అన్నారు.

నాకూ ఎవరూ చెప్పలేదు. నేనప్పుడు గుంటూరు హాస్టల్లో ఉన్నాను, బస్సెక్కితే గంట ప్రయాణం. గోడ మీద సచిన్ బొమ్మ అంటించుకున్నవాళ్లం ఆరుగురం ఉన్నాం ఆ రూములో. తెలిస్తే వార్డెన్ పంపేదా అంటే, అది తర్వాతి మాట. అడగడానికైనా తెలియాలి కదా! నాకు కష్టమనిపించింది అదే.

తర్వాత మన వైపు ఆడపిల్లల ఆట మూలపాడుకి వెళ్లింది. 2016 నవంబరులో మన అమ్మాయిలు వెస్టిండీస్‌తో అక్కడే ఆడారు. బెజవాడ వైపు ఆటో డ్రైవరు కూతురు రవి కల్పన వికెట్ కీపరుగా ఇండియాకి ఆడింది. ఈ మధ్య విశాఖ స్టేడియంలో మిథాలీ రాజ్ పేరుతోపాటు ఆ పిల్ల పేరు కూడా పెట్టారు. చదివి చాలా సంతోషించాను.

2025 నవంబరు 2న మన ఆడపిల్లలు ప్రపంచకప్ గెలిచిన రాత్రి ఇంటిల్లిపాదీ టీవీ ముందే ఉన్నాం. కడప జిల్లా పిల్ల శ్రీచరణి బంతి అందుకున్నప్పుడల్లా అత్తయ్య "మన తెలుగుపిల్లే" అని పక్కింటివాళ్లకి వినపడేలా చెప్పింది. ఆ హడావిడిలో 1997 సంగతి ఆవిడకీ చెప్పాను.

అత్తయ్య వేళ్ల మీద ఏళ్లు లెక్కేసుకుంది. "ఆ ఏడు పచ్చపురుగు పడ్డ ఏడు కదే. చేలో పత్తి తీద్దామన్నా ఏముంది, కాయలన్నీ పుచ్చులే. పొద్దస్తమానం గట్టు మీద కూర్చుని ఏడవడం తప్ప పని లేదు. ఎవరైనా టికెట్టిస్తే వచ్చేదాన్నే" అంది.