బాగుంది అంటే చాలా?

మా ఇంట్లో సినిమా చూడడం ఒక ఎత్తు, చూశాక అభిప్రాయాలు చెప్పుకోవడం ఒక ఎత్తు. తెరమీద పేర్లు పడుతుండగానే మావారు "ఫరవాలేదు" అంటారు. ఆ మాట ఆయన ఉప్మాకీ అంటారు, పెళ్ళిసంబంధానికీ అంటారు, కాబట్టి దాన్నిబట్టి ఏమీ తేల్చుకోలేం. మా అబ్బాయి పదికి ఇన్ని అని మార్కులు వేస్తాడు. వాడి పరీక్ష పేపర్లు దిద్దేవాళ్ళు కూడా అంత నిర్దయగా ఉండరు. ఇక నేను. నవలలు రాసేదాన్ని కదా, "పాత్రచిత్రణ" అంటూ గొంతు సవరించుకునే సరికి తండ్రీకొడుకులిద్దరూ లేచి వెళ్ళిపోయి ఉంటారు.

మిగిలేది మా అత్తయ్యగారు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. సోఫాలో ఓ మూల, ఒళ్ళో గోరుచిక్కుడుకాయల పళ్ళెం పెట్టుకుని ఆసాంతం చూస్తారు. కాయలు తుంచే చెయ్యి ఆగిందంటే సినిమా బాగున్నట్టు. ఆవిణ్ణి "ఎలా ఉందత్తయ్యా?" అని అడగాలని, నిజం చెప్పొద్దూ, నాకు ఏళ్ళ తరబడి తోచనేలేదు.

అన్నట్టు, మేం సినిమాలు వచ్చినప్పుడు చూసే రకం కాదు. ఊరంతా చూసి, మాట్లాడుకుని, మరిచిపోయాక ఏ ఆదివారం మధ్యాహ్నమో ఇంట్లో తీరిగ్గా చూస్తాం. అలాగే 2023లో వచ్చిన 'బలగం' మొన్న వేసవిలో చూశాం. వేణు ఎల్దండి తీసిన సినిమా. అప్పట్లో తెలంగాణ పల్లెల్లో నడివీధిలో తెరకట్టి ఊరు ఊరంతా కూర్చుని చూశారు. కథ మీకు తెలిసే ఉంటుంది. కొమురయ్య అనే పెద్దాయన పోతాడు. పెట్టిన పిండాన్ని కాకి ముట్టదు. ఎందుకు ముట్టదా అని తవ్వుకుంటూ పోతే, ఇరవయ్యేళ్ళ నాడు విందులో ఓ నల్లిబొక్క దగ్గర అల్లుడికీ బావమరుదులకీ వచ్చిన తగాదా బయటపడుతుంది. చివర్లో బుడగజంగాల పాట వస్తుంటే మావారు కళ్ళు తుడుచుకుని, "ఫ్యాను దుమ్ము, ఎన్నాళ్ళైంది తుడిచి?" అని నన్ను కసిరారు. నేను మర్యాదకి ఊరుకున్నాను.

ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే అత్తయ్య తనలో తను అనుకుంటున్నట్టు అన్నారు: "కాకి అలిగిందని ఊరంతా గాభరాపడ్డారు. ఆ పిల్ల లక్ష్మి ఇరవయ్యేళ్ళు పుట్టింటి గడప తొక్కలేదు. దానికి ఎవరూ గాభరాపడలేదేం?"

నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. సినిమా అంతా అన్నదమ్ముల్నీ, బావనీ చూశాను గాని ఆ మధ్యలో నలిగినదాన్ని చూడలేదు. ఎమ్మే తెలుగు చదివినదాన్ని, ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదు?

"అత్తయ్యా, ఈ ముక్క హాల్లో అనలేదేం?" అన్నాను.

"అడిగారా ఎవరైనా?" అన్నారు మామూలుగా.

అప్పటినుంచీ అడగడం మొదలుపెట్టాను. అడిగితే ఎన్ని సంగతులు బయటికొచ్చాయో! అరవైల్లో, కొత్తకోడలుగా తెనాలిలో ఉన్నప్పుడు, యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' సీరియల్ కోసం వీధిలో ఆడవాళ్ళంతా కాచుక్కూర్చునేవారట. 1976లో నాగేశ్వరరావు, వాణిశ్రీలతో అది సినిమాగా వచ్చేనాటికి అందరికీ కథ కంఠతా వచ్చేసింది. పంపు దగ్గర బిందె నిండేలోగా జయంతి గురించి పెద్ద పంచాయితీ నడిచేదట. అంత డబ్బున్న రాజశేఖరం దగ్గర అంత బింకమా, ఆడదానికి అంత అభిమానం పనికిరాదని ఎదురింటావిడ. పనికొస్తుందని మా అత్తయ్య.

"పనికిరాదన్నావిడకీ వాళ్ళింట్లో నోరులేదు, పనికొస్తుందన్న నాకూ లేదు. జయంతి పేరు అడ్డం పెట్టుకుని మా గోడే వెళ్ళబోసుకునేవాళ్ళం. ఎవరైనా వింటే నవల గురించి అని చెప్పచ్చుగా!" అని నవ్వారు.

ఆ తరవాత 2021లో వచ్చిన మలయాళం సినిమా 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' పెట్టాను. జియో బేబీ దర్శకుడు. నిమిషా సజయన్ కోడలు. మా ఎవరికీ మలయాళం రాదు. ఆ సినిమాకి మాటలతో పనీ తక్కువే. తరగడం, రుబ్బడం, వడ్డించడం, ఎంగిలి తియ్యడం, తుడవడం, మళ్ళీ తరగడం. అందులో ముఖ్యమైన పాత్రలకి పేర్లే లేవు. ఆ ఇల్లు ఎవరిదైనా కావచ్చు కదా, పేరెందుకు? వంటింటి సింకు కింద గొట్టం కారుతుంటుంది. ప్లంబర్ని పిలవమని ఆ పిల్ల మొగుడికి చెబుతూనే ఉంటుంది, ఆయన మరిచిపోతూనే ఉంటాడు.

సగంలో మావారికి ఫోను చేసుకోవలసిన అత్యవసరం వచ్చింది. ఇరవై నిమిషాలైనా తెమల్లేదు. సినిమా అయ్యాక నేను స్వేచ్ఛ, వ్యవస్థ అని ఏదో అనబోతుంటే, అత్తయ్య గోరుచిక్కుడు పళ్ళెం బల్లమీద పెట్టి, వరండాలో ఉన్న కొడుక్కి వినపడేట్టు, "ఆ గొట్టం బాగుచేయించడానికి ఎంతసేపమ్మా పడుతుంది?" అన్నారు. అంతే. మరో మాట లేదు.

మా వంటింటి కుళాయి దసరానుంచి కారుతోంది. మర్నాడు పొద్దున్నే, నేను నోరెత్తకుండానే, ప్లంబరు వచ్చి వాషరు మార్చిపోయాడు. సినిమాల వల్ల మనుషులు మారతారా అని సభల్లో అడుగుతుంటారు. నా దగ్గర ఒక వాషరు సాక్ష్యం ఉంది.

ఆవిడకి అన్నిటికంటె నచ్చింది మాత్రం 2024లో వచ్చిన '35 చిన్న కథ కాదు'. నందకిశోర్ ఈమాని సినిమా. తిరుపతిలో ఓ చిన్నపిల్లాడు, సున్నాకి విలువ లేనప్పుడు ఒకటి పక్కన నిలబడితే పది ఎలా అవుతుందని అడుగుతాడు. జవాబు చెప్పే ఓపిక లేని మాస్టారు వాణ్ణే సున్నా అంటాడు. పదో తరగతి తప్పిన తల్లి, నివేదా థామస్, వాడికి నేర్పడం కోసం మళ్ళీ లెక్కలు నేర్చుకుంటుంది. నాకు చివరి భాగం కాస్త పాఠంలా అనిపించింది. ఆ మాటే అన్నాను. అత్తయ్య ఒప్పుకోలేదు.

"పాఠమైతే ఏం? తప్పిన పరీక్ష మళ్ళీ రాయమని ఎవరంటారు ఆడదానితో?" అన్నారు. ఆవిడ చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. చేతిలో కాయలు ఎప్పుడో ఆగిపోయాయి.

ఆ ఊపులో, ఇన్నాళ్ళూ అడగడానికి భయపడ్డది అడిగేశాను. "అత్తయ్యా, నా నవల చదివారా?"

"ఏది? నీలం అట్టదా? రెండుసార్లు."

నా గుండె జారింది. ఆ నవల మీద ఉత్తరాలొచ్చాయి, సన్మానం జరిగింది, సమీక్షకులు కథానాయిక తెగువని మెచ్చుకున్నారు. ఇంట్లో మనిషి రెండుసార్లు చదివితే నాకు తెలియదు.

"ఎలా ఉంది?"

"బాగా రాశావమ్మాయ్" అన్నారు. కాసేపాగి, "ఒకటే అనుమానం. అందులో అత్తగారు ఒక్కసారీ కూర్చోదేం?"

ఆ రాత్రి నవల తీసి మొదట్నుంచీ తిరగేశాను. నిజమే. ఆవిడ కాఫీ పట్టుకొస్తుంది, తలుపు దగ్గర నిలబడుతుంది, నిట్టూరుస్తుంది, లోపలికి వెళుతుంది. భోజనం చెయ్యగా ఎవరూ చూడరు. మరో సంగతి కూడా కనిపెట్టాను. ఆవిడకి పేరు లేదు. ఆ మలయాళం దర్శకుడు కావాలని పేర్లు పెట్టలేదు. నేను మరిచిపోయాను! నా కథానాయిక చదువుకుని, ఎదురు తిరిగి, ఉద్యోగానికి వెళ్ళిపోయిన ప్రతి పేజీ వెనకాలా ఎవరో వంట చేస్తూనే ఉన్నారు. ఆ సినిమాలో మొగవాళ్ళని నేను తిట్టుకున్న తిట్లు గుర్తొచ్చి సిగ్గేసింది. గొట్టం గురించి మరిచిపోయింది ఆయనొక్కడే కాదు.

ఇప్పుడు మా ఇంట్లో సినిమా అవగానే మొదటి మాట అత్తయ్యది. మావారి "ఫరవాలేదు" నాలుగో స్థానానికి దిగింది. మా అబ్బాయి మార్కులు వేసే ముందు నాయనమ్మ మొహం చూస్తున్నాడు.

కొత్త నవల మొదలుపెట్టాను. మొదటి అధ్యాయం రాసి, ఎవరికీ చూపించకుండా ముందు ఆవిడకే ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, వేలితో వరస వెంబడి వరస జరుపుకుంటూ చదివారు. అందులో అత్తగారి పేరు అన్నపూర్ణ. వరండాలో కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుంటుంది.

"కూర్చోబెట్టావు, బాగుంది. కాఫీ ఎవరు తెచ్చిస్తారు?"

"తరవాతి పేజీలో ఉంది అత్తయ్యా. కొడుకు తెస్తాడు."

అత్తయ్య కళ్ళజోడు తీసి, లోపల పడకకుర్చీలో నిద్రపోతున్న మావారి వైపు ఓసారి చూసి, పకపకా నవ్వారు.

"అయితే అది కథే!"