వాచీ చెప్పింది, నేను వినలేదు

మా ఓ.పి.కి వచ్చేవాళ్ళు ఇదివరకు చెయ్యి చాపి, “నాడి చూడండి డాక్టరుగారూ” అనేవారు. ఇప్పుడూ చెయ్యి చాపుతున్నారు గాని, చూడమనేది నాడిని కాదు, మణికట్టుకున్న వాచీని. నిన్న ఎన్ని అడుగులు వేశారో, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారో, తెల్లవారుజామున నాడి ఎంత కొట్టుకుందో అన్నీ అందులోనే ఉంటాయి. అమెరికాలో ఉన్న కొడుకో, బెంగుళూరులో ఉన్న కూతురో పంపించి ఉంటారు. వాళ్ళను చూసి నవ్వుదామంటే నాకు నోరు లేదు. నా చేతికీ అలాంటిదే ఒకటుంది. దానివల్ల నా ఆట బాగుపడింది. దాన్ని సరిగా చదవకపోవడంవల్ల నా ప్రాణం మీదికీ వచ్చింది. ఆ రెండు సంగతులూ ఈ వారం మీకు చెబుతాను.

ఆట అంటే గోల్ఫు. “సర్కారు డాక్టరుకి గోల్ఫు ఏమిటి?” అని మీరు అనుకుంటారని నాకు తెలుసు. మా ఆవిడ కూడా అదే అన్నది. జిల్లా ఆసుపత్రుల్లో పాతికేళ్ళు తిరిగి హైదరాబాదు చేరాక, నాతో చదువుకున్న మిత్రుడొకడు ఒక ఆదివారం తెల్లవారుజామున నన్ను గోల్కొండకు లాక్కుపోయాడు. నయాఖిల్లా గోడల నడుమ, ఏనుగుల చెట్టని పేరు పడిన ఆ బ్రహ్మాండమైన ఆఫ్రికా చెట్టుకు దగ్గరలో ఉంది ఆ మైదానం. అప్పటికి నాకు 53 ఏళ్ళు. చక్కెర జబ్బు వచ్చి ఆరేళ్ళయింది. నేను రోగులకు రోజూ చెప్పే “నడవండి” అన్న మాట నా విషయంలో అమలు కావడం లేదు. ఈ ఆటలో పద్దెనిమిది గుంటలూ పూర్తిచేసేసరికి నాలుగు గంటలు పడుతుంది, ఎనిమిది నుంచి పది కిలోమీటర్ల నడక అవుతుంది. బంతి వెనకాల పోతూ ఉంటాం కనుక నడుస్తున్నామని తోచదు. అదీ నన్ను పట్టుకున్న సంగతి.

స్వీడన్‌లో మూడు లక్షల మంది గోల్ఫు ఆటగాళ్ళ లెక్కలు తీసి, తక్కిన జనంతో పోలిస్తే వాళ్ళలో మరణాలు 40 శాతం తక్కువని 2008లో ప్రకటించారు. అది చదివి నా మిత్రుడు మురిసిపోయాడు. నేనంత మురిసిపోలేదు. నాలుగు గంటలు తిరగగలిగే ఆరోగ్యమూ, తీరికా ఉన్నవాడే గదా ఆ ఆట మొదలుపెట్టేది! అయినా నడక నడకే.

2023 సంక్రాంతికి డల్లాస్ నుంచి వచ్చిన మావాడు ఈ వాచీ తెచ్చాడు. “నాన్నా, ఇది ఎన్ని గజాలో చెబుతుంది, మీరు ఊహించుకోనక్కర్లేదు” అన్నాడు. ఇది చెప్పే విధానం వినండి, ముచ్చటగా ఉంటుంది. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున అమెరికావారి ఉపగ్రహాలు తిరుగుతూ ఉంటాయి. మొదటిదాన్ని 1978లో పంపారు. 24 ఉంటే భూగోళమంతటికీ చాలు, ఇప్పుడు ముప్పై దాకా ఉన్నాయి. ఒక్కొక్కదానిలో ఒక అణుగడియారం ఉండి “ఇప్పుడు వేళ ఇంత” అని చెబుతూనే ఉంటుంది. ఆ కబురు మన చేతికి చేరడానికి పట్టిన వ్యవధిని బట్టి, ఏ ఉపగ్రహానికి మనం ఎంత దూరంలో ఉన్నామో వాచీ లెక్క కడుతుంది. నాలుగు ఉపగ్రహాలు దొరికితే మనం నిలుచున్న చోటు తేలిపోతుంది. 2000 మే నెల వరకూ మామూలు జనానికి అందే సంకేతాన్ని అమెరికావారు కావాలనే మసకబార్చేవారు, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. ఆ రోజుల్లో ఈ వాచీ ఉంటే నన్ను పక్క గుంటలో ఉన్నట్టు చూపించేదన్నమాట! ఇప్పుడు ఆరుబయట తేడా మూడు నుంచి అయిదు మీటర్లు. మైదానం పటం ముందే అందులో ఎక్కించి ఉంటుంది కనుక, పచ్చిక గద్దె ముందు అంచు ఎంత దూరం, నడిమి ఎంత, వెనుక అంచు ఎంత అని మూడు అంకెలు వేస్తుంది. జెండా ఆ గద్దెమీద రోజుకొక చోట పాతుతారు, కాబట్టి ఆ మూడింటి మధ్య బేరం మనదే.

మొదటి ఆదివారమే నా పరువు తీసింది.

నా సెవెన్ ఐరన్ కర్రతో బంతి 140 గజాలు పోతుందని మూడేళ్ళుగా నా నమ్మకం. కొట్టిన చోట మీట నొక్కి, బంతి దగ్గరికి నడిచి వెళ్ళి చూస్తే 116. మళ్ళీ కొట్టాను, 121. మరోసారి 109. వాచీ చెడిపోయిందనుకున్నాను. మా కేడీ కుర్రవాడు కిందికి చూస్తూ నవ్వుకున్నాడు. ఎప్పుడో ఒకసారి గాలివాటున, ఎండకు గట్టిపడ్డ నేలమీద దొర్లి దొర్లి ఆ బంతి 140 పోయి ఉంటుంది. ఆ ఒక్కటీ జ్ఞాపకం పెట్టుకుని, తక్కినవన్నీ “ఇవాళ సరిగా తగల్లేదు” అని కొట్టిపారేస్తూ వచ్చాను. ఉప్పు మానేశానని చెప్పే రక్తపుపోటు రోగి కూడా ఇంతే. ఊరగాయ లేకుండా తిన్న ఒక్క పూటే ఆయనకు గుర్తుంటుంది.

మీలో ఎవరైనా ఈ ఆట ఆడేవారుంటే ఒక మాట. ఒక్కో కర్రతో పది దెబ్బల కొలత రాసుకోండి. అన్నిటికంటే మంచి రెండూ, అన్నిటికంటే పాడు రెండూ కొట్టివేయండి. మిగిలిన ఆరింటి సగటే మీ కొలత. నాకు సెవెన్ ఐరన్‌కి 118 వచ్చింది, ఫైవ్ ఐరన్‌కి 138. అంటే 140 గజాల దూరానికి నేను తీయవలసింది ఫైవ్ ఐరన్. అది తీయడానికి నాకు రెండు నెలలు పట్టింది! తోటివాళ్ళు సెవెన్‌తో కొడుతూంటే మనం ఫైవ్ తీయాలంటే చెయ్యి రాదు. తీశాక జరిగింది మాత్రం నేను అనుకోనిది. అదివరకు చిన్న కర్రతో పెద్ద దూరం పోవాలని ఒళ్ళంతా మెలితిప్పి బాదేవాణ్ణి. ఆదివారం ఆట, సోమవారం నడుముకి బెల్టు, మంగళవారం నొప్పి మాత్ర. ఈ ఆటలో అందరికంటే ఎక్కువగా దెబ్బతినేది నడుమేనని నాకు తెలియకపోలేదు, ఎముకల డాక్టరు కూడా హెచ్చరించాడు. పెద్ద కర్ర తీసి నెమ్మదిగా ఊపడం నేర్చాక బెల్టు అటకెక్కింది. నొప్పి మాత్రలు మానడం మూత్రపిండాలకూ మంచిదే, ముఖ్యంగా చక్కెర ఉన్నవాళ్ళకు. 112 దెబ్బల్లో ముగిసే నా ఆట జులై నాటికి 103కి దిగింది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక రెండో సంగతి.

ఆ మైదానంలో ఒక చోట నేల మెల్లగా ఎత్తుకు పోతుంది. కొండ కాదు, గుట్టా కాదు. ఆ ఆగస్టులో ఒక ఉదయం ఆ ఎత్తు ఎక్కుతుంటే రొమ్ము నడుమ మంటలాంటిది వచ్చింది. ఆగాను. రెండు నిమిషాల్లో పోయింది. రాత్రి తిన్న పెసరట్టు మీద నేరం మోపాను. వాచీ చూసుకుంటే నాడి 118. 220లోనుంచి వయస్సు తీసివేస్తే 56 ఏళ్ళవాడికి ఉజ్జాయింపుగా 164 దాకా పోవచ్చు. “118 అంటే ఏమీ లేదు” అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. మరుసటి వారం మళ్ళీ అక్కడే వచ్చింది. జేబులో ఒక యాంటాసిడ్ బిళ్ళ వేసుకుని పోవడం అలవాటు చేసుకున్నాను. ముప్పై ఏళ్ళ సర్వీసున్న డాక్టరు చేసిన పని ఇది! ఇదే ముక్క నా రోగి ఎవరైనా చెప్పి ఉంటే కుర్చీలోనుంచి లేవనిచ్చేవాణ్ణి కాదు.

సెప్టెంబరులో నాలుగో వారమో అయిదో వారమో, మా కేడీ సంచీ దించి, “సార్, శానా దినాల సంది సూస్తున్న, మీరు ఈడికి రాంగనే ఆగుతున్నరు. ఇంతకుముందు నేనే మీ ఎనక ఉరికెటోన్ని” అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఏమీ అనకుండా ఆట పూర్తిచేశాను కూడా. ఇంటికి వచ్చి, స్నానం చేసి, ఫోను తీసి, వాచీ దాచి ఉంచిన పటాలు మొట్టమొదటిసారి ఓపిగ్గా చూశాను. అంతవరకూ నేను చూసేవి గజాలూ, దెబ్బల లెక్కా మాత్రమే. నేను నడిచిన దారిని కూడా ఒక గీతలా గీసి పెడుతుందా వాచీ. ఏప్రిల్ గీత ఆ ఎత్తుమీద తిన్నగా ఉంది. ఆగస్టు నుంచి అదే చోట దారం చిక్కుపడినట్టు ఒక ముడి. మనిషి కదలకుండా నిలుచున్నప్పుడు ఉపగ్రహపు లెక్క అటూ ఇటూ నాలుగు మీటర్లు తడబడుతుంది, ఆ తడబాటే ముడిలాగా పడుతుంది. వారం వారం ఆ ముడి కొంచెం కిందికి, అంటే ఎత్తు మొదటికి, జరుగుతూ వచ్చింది. ఆ గుంట పూర్తిచేయడానికి ఏప్రిల్‌లో పట్టినదానికంటే అయిదు నిమిషాలు ఎక్కువ పడుతోంది. శ్రమపడితే వచ్చి, ఆగితే పోయి, రానురాను తక్కువ శ్రమకే వచ్చే రొమ్ము మంట! మూడో సంవత్సరం విద్యార్థి కూడా దాని పేరు చెబుతాడు. నా వాచీ దాన్ని బొమ్మ గీసి చూపించింది. నేను చూడవలసిన పేజీ వదిలి, చూడదలచుకున్న పేజీ చూశాను.

నాతో చదివిన గుండె డాక్టరుకి ఫోను చేస్తే, “ఒరేయ్, నీ పేషెంటు ఇంతమాట చెబితే ఆదివారమని ఊరుకునేవాడివా? ఇప్పుడే బయలుదేరు” అని తిట్టాడు. విశ్రాంతిగా పడుకోబెట్టి తీసిన ఇ.సి.జి. బాగానే ఉంది. ట్రెడ్‌మిల్ మీద నాలుగో నిమిషంలో బయటపడింది. యాంజియోగ్రాంలో గుండె ముందుభాగానికి పోయే పెద్ద రక్తనాళం 80 శాతం మూసుకుని ఉంది. స్టెంటు వేశారు. ఇలాంటి నొప్పి ఉన్న ప్రతివారికీ స్టెంటు వేయాలని లేదు సుమా, చాలామందికి మందులతోనే సరిపోతుంది. నాది ఏ నాళమో, నొప్పి ఎంత త్వరగా ముదిరిందో చూసి వేశారు. నెలల తరబడి మా ఆవిడ నాతో అన్నది ఒకే ఒక మాట: “ఆ కుర్రాడికి పండక్కి బట్టలు పెట్టండి.” పెట్టాను.

ఈ వాచీలను గురించి మిమ్మల్ని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. వాటి అడుగున ఆకుపచ్చని కాంతి మిణుకుమంటూంటుంది చూడండి, అది చర్మం కింది రక్తపు పొంగును చూసి నాడి లెక్కపెడుతుంది. పట్టీ వదులుగా ఉన్నా, కర్ర ఊపేటప్పుడు వాచీ కదిలినా లెక్క తప్పుతుంది. అసలు లెక్క సరిగ్గా ఉన్నా గుండెపోటును అది పట్టలేదు. కొన్ని వాచీలు ఇ.సి.జి. కూడా తీస్తాయి, అదీ నాడి లయ తప్పిందేమో చెప్పడానికే. నాడి 80 ఉండగా గుండెపోటు రావచ్చు. నేనిప్పుడు వాడుతున్న మెటోప్రొలాల్ లాంటి మందు తీసుకునేవారికి ఎంత నడిచినా నాడి పెద్దగా పెరగదు, కనుక వారికి 220 లెక్క పనికిరాదు.

గోల్ఫు ఆడనివారు కూడా ఈ వాచీని నేను చివరికి నేర్చుకున్న పద్ధతిలో వాడవచ్చు. మీ పార్కులోనో, మీ ఊరి చెరువుగట్టు మీదనో రోజూ ఒకే దారిన నడవండి. నెలకొకసారి పాత గీతనూ కొత్త గీతనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే దారికి వేళ పెరుగుతోందా? ఇదివరకు ఆగని చోట ఆగుతున్నారా? చూసి డాక్టరుకి చెప్పండి. చక్కెర ఉన్నవారికి గుండె నొప్పి అసలు తెలియకుండా ఆయాసంగానో, చెమటగానో, ఒట్టి నీరసంగానో కూడా రావచ్చు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని ఏమీ తినకుండా నాలుగు గంటలు నడిస్తే చక్కెర పడిపోయి కూడా చెమట పడుతుంది. నేను రెండు ఇడ్లీలు తిని బయలుదేరుతాను, సంచీలో గ్లూకోజు పొట్లం ఉంచుతాను. ఇక రొమ్ములో బరువో మంటో వచ్చి, దవడకో ఎడమ చేతికో పాకి, ఆగినా తగ్గకపోతే వాచీ వంక చూడకండి, 108కి ఫోను చేయండి.

ఆరు వారాల తరువాత మా గుండె డాక్టరు అనుమతితో మళ్ళీ మైదానానికి వెళ్ళాను. మొదట పచ్చికమీద చిన్న దెబ్బలు, తరువాత తొమ్మిది గుంటలు, సంక్రాంతి దాటాక పద్దెనిమిది. ఫైవ్ ఐరన్ ఇప్పుడు 131 గజాలే పోతోంది. అదే రాసుకున్నాను. ఆ ఎత్తు దగ్గరికి వచ్చేసరికి మా కేడీ నా పక్కకు వచ్చి నడుస్తాడు, ఏమీ అనడు. మొన్న ఆదివారం ఆగకుండా పైకి పోయాను. ఇంటికి వచ్చి ఫోనులో చూస్తే గీత తిన్నగా ఉంది. ఆ గుంటలో బంతి వేయడానికి పచ్చికమీద నాలుగు దెబ్బలు పట్టిందని కూడా దాని పక్కనే ఉంది.