మన హాస్టల్ సంపెంగ

ఈ వార్షికోత్సవ సంచికకు ఏం రాద్దామా అని 2010 పదో తరగతి బ్యాచ్ వాళ్లం ఫోన్లలో మాట్లాడుకున్నాం. ఒకడు మెస్ గురించి రాద్దామన్నాడు, ఒకడు స్టడీ అవర్ గురించి అన్నాడు. చివరికి అందరం సంపెంగ దగ్గరే ఆగాం. హాస్టల్‌లో చేరే ప్రతి కొత్త పిల్లవాడూ ఈ చెట్టు ఎవరు నాటారని అడుగుతాడట. అందుకే ఆ సంగతి, దాన్ని ఎలా పెంచాలన్న సంగతి రెండూ రాస్తున్నాం.

మాలో చాలామంది ఊళ్లలో సంపెంగ చెట్టు ఒక్కటే ఉండేది. అది పెద్దింటి పెరట్లో ఉండేది. వాసన గోడ దాటి మా పేట దాకా వచ్చేది గాని, మేము గోడ దాటి లోపలికి వెళ్లేవాళ్లం కాదు. తెల్లారకముందే లేచి గోడ ఇవతల రాలిన పూలు ఏరుకునేవాళ్లం. అవి అమ్మ కొప్పులోకి వెళ్లేవి. లోపలివాళ్లు ఎవరైనా చూస్తే కేకలు వేసేవారు. హాస్టల్‌కు వచ్చాక ఒక రాత్రి మాటల్లో తేలింది, ఈ ఏరుకోవడం ఒక్క ఊరి కథ కాదని. మనకంటూ ఒక సంపెంగ ఉండాలన్న మాట ఆ రాత్రే పుట్టింది.

2007 జూలైలో మేము ఎనిమిదో తరగతి. కడియం నర్సరీల నుంచి వచ్చిన మొక్కల బండి వీధిలో ఆగింది. సబ్బులకూ నూనెకూ ఇచ్చే కాస్మెటిక్ చార్జీల్లోంచి తలా రెండు రూపాయలు వేసుకుని 80 రూపాయలకు ఒక అంటు మొక్క కొన్నాం. గింజ మొక్క అయితే ఇంకా చవకగా వచ్చేది. కానీ గింజ నుంచి పెరిగిన సంపెంగ పూయడానికి ఏడెనిమిదేళ్లు, ఒక్కోసారి పదేళ్లూ పడుతుంది. అంటు మొక్క రెండు మూడేళ్లకే పూస్తుంది, అంత ఎత్తుకూ పోదు. అడవిలో సంపెంగ వంద అడుగులు దాటి కూడా పెరుగుతుంది. మన స్థలమేమో మెస్ గోడకూ డార్మిటరీకీ మధ్య ఇరవై అడుగులు.

సైన్సు మాస్టారు దీని శాస్త్రీయ నామం మాగ్నోలియా చంపక అని చెప్పారు. 1753లో లిన్నేయస్ దీనికి మైకేలియా చంపక అని పేరు పెట్టాడు. తర్వాత శాస్త్రజ్ఞులు మాగ్నోలియాలలో కలిపారు. మాగ్నోల్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడి పేరు మీద ఆ జాతికి ఆ పేరు వచ్చింది. అమెరికా ఆగ్నేయ ప్రాంతంలో తెల్లని పెద్ద పూలు పూసే మాగ్నోలియా ఒకటుంది. అక్కడ చిన్న తోటల కోసం అందులో లిటిల్ జెమ్ అనే పొట్టి రకాన్ని నాటుకుంటారు. మన సంపెంగ దానికి చుట్టమే. సింహాచలం సంపెంగలకు పేరుంది. తిరుమల గుడిలో సంపంగి ప్రదక్షిణం అనే ఆవరణే ఉంది.

నాటే పద్ధతి ఇదీ. రెండడుగుల గొయ్యి తీసి, మట్టిలో మాగిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక, గుప్పెడు వేపపిండి కలిపాం. సంపెంగ వేళ్లు కండగా, పెళుసుగా ఉంటాయి. అందుకని కవరు కోసేటప్పుడు మట్టిగడ్డ చెదరనివ్వకూడదు. ఒకసారి నాటాక చోటు మార్చకూడదు. అంటు కట్టిన చోటు మట్టిపైనే ఉండాలి. దాని కింద నుంచి వచ్చే చిగుళ్లు గిల్లేయాలి, లేకపోతే అంటు బలం తగ్గి కింది మొక్క పెరుగుతుంది. నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లుతాయి కాబట్టి పాదును చుట్టూ ఉన్న నేల కంటే కాస్త ఎత్తుగా చేశాం.

అసలు పరీక్ష 2008 ఎండాకాలంలో వచ్చింది. బోరు ఎండింది. మనిషికి రోజుకు ఒక్క బకెట్టు నీళ్లు. మొక్కకు నీళ్లెక్కడివని కొందరు గొడవపడ్డారు. గొడవ న్యాయమైనదే. మెస్‌లో కుక్కమ్మ బియ్యం కడిగిన నీళ్లు పారబోయకుండా దాచి ఇచ్చింది. సెలవుల్లో అందరం ఊళ్లకు వెళ్తాం కదా, అప్పుడెలా? ఒక మట్టికుండకు అడుగున చిల్లి పెట్టి, గుడ్డ వత్తి దూర్చి, పాదులో మెడ దాకా పాతిపెట్టాం. వాచ్‌మన్ తాత మూడు రోజులకోసారి కుండ నింపేవాడు. పాదు మీద ఎండాకులు పరిచాం. జూన్‌లో తిరిగి వచ్చేసరికి పైన లేత చిగురు వేసి ఉంది.

నిత్యహరితం అంటే ఆకు రాలని చెట్టని మేము అనుకునేవాళ్లం. పాత ఆకు పండి రాలుతూనే ఉంటుంది, కొత్తది వస్తూనే ఉంటుంది, కొమ్మ మాత్రం ఎప్పుడూ బోడిగా ఉండదు. హాస్టల్ కూడా అంతేనని మాలో ఒకడు అప్పుడే అన్నాడు. ఆకు రాలిన చోట కొమ్మ చుట్టూ ఉంగరంలాంటి మచ్చ కనిపిస్తుంది. చిగురును కప్పి ఉంచిన పొర ఊడిపోయిన గుర్తు అది.

ఆకుల మీద ఆకుపచ్చ గొంగళి పురుగులు కనిపిస్తే మందు కొట్టకండి. అవి నల్లటి రెక్కల మీద పచ్చ మచ్చలుండే సీతాకోకచిలుకలవుతాయి. నాలుగు ఆకులు తింటే చెట్టుకేమీ కాదు. కొమ్మలకు పొలుసు పురుగు అంటుకుంటే మాత్రం వేపనూనెలో కొంచెం సబ్బు కలిపి నీళ్లతో చల్లాలి. సంపెంగ వాసనకు పాములొస్తాయని కుక్కమ్మ భయపడేది. పాములు వాసనకు రావు, ఎలకల కోసం వస్తాయి. చెత్త గోడ పక్కన కుప్పగా పోయకుండా ఉంటే చాలు. తుమ్మెద సంపెంగ మీద వాలదన్న కవిసమయం తెలుగు వాచకంలో చదువుకున్నాం కదా. ఈ జాతి పూలు చాలా ప్రాచీనమైనవి, వీటి పుప్పొడిని ఎక్కువగా మోసేవి పెంకు పురుగులు. తుమ్మెద రాలేదని సంపెంగకు లోటేమీ లేదు.

2010 ఏప్రిల్‌లో పరీక్షలు రాసి మేము వెళ్లిపోయాం. అప్పటికి చెట్టు ఆరడుగులు, ఒక్క మొగ్గా లేదు. ఆ జూలైలో మొదటి పువ్వు పూసిందని వాచ్‌మన్ తాత కబురు పంపాడు. మేము అప్పటికి ఇంటర్మీడియెట్‌లో తలో ఊళ్లో ఉన్నాం. ఆ పువ్వును ఏడో తరగతి పిల్లలు చూశారు.

2016లో మరుగుదొడ్ల పైపులైను పనికి వచ్చినవాళ్లు చెట్టు అడ్డమని కొట్టేయబోయారు. అప్పటి తమ్ముళ్లు చెట్టు చుట్టూ నిలబడి, వార్డెన్ గారి దగ్గరికి వెళ్లి అడిగారు. లైను నాలుగడుగులు పక్కకు జరిగింది. అయినా ఒకవైపు వేళ్లు తెగి ఆ వైపు ఆకులన్నీ రాలాయి. రెండేళ్లకు గాని ఆ కొమ్మలు కోలుకోలేదు. ఆ తమ్ముళ్ల పేర్లు మాకు తెలియవు, మా పేర్లు వాళ్లకు తెలియవు. చెట్టు వాళ్లదీ, మాదీ.

ఇప్పుడది పదిహేను అడుగులుంది. పూత అయ్యాక కొనలు కొంచెం కత్తిరిస్తే గుబురుగా ఉంటుంది. మొద్దు కొమ్మలు నరకకూడదు, గాయం త్వరగా మానదు. పూలు ఎవరైనా కోసుకోవచ్చు, రేపటి మొగ్గలు మాత్రం వదలాలి. ఇదొక్కటే దాని చట్టం.

మరో మాట. కాయ పగిలి ఎర్రని గింజలు కనిపించగానే తీయండి, లేకపోతే పక్షులు తినేస్తాయి. పైన ఉన్న ఎర్రటి గుజ్జు కడిగేసి వెంటనే నాటండి. ఎండబెట్టి దాస్తే మొలవవు. మొలక రావడానికి నెలకు పైనే పడుతుంది. పోయినేడు తమ్ముళ్లు అలా పాల కవర్లలో నాటిన గింజల్లో ఇరవై రెండు మొలిచాయి. వార్షికోత్సవం రోజున అవి వంటగది వరండాలో ఉంటాయి. ఈ ఏడాది పది రాస్తున్నవాళ్లకు మొదటి హక్కు. పూయడానికి పదేళ్లు పట్టినా పట్టవచ్చు. తీసుకెళ్లి మీ ఇంటి ముందు, మీ పేటలో, గోడ లేని చోట నాటండి.