జీన్స్ సంచి అయింది, చీర బొంత కాబోతోంది

"పాత బట్టలకు స్టీలు సామాన్లేయ్..."

ఆదివారం పొద్దున్నే వీధిలో కేక. మనవరాలు రెండు జీన్స్ ప్యాంట్లు చంకన పెట్టుకుని గుమ్మం దాకా వచ్చేసింది.

"ఆగవే! చిన్న గిన్నె కోసం అంత గట్టి గుడ్డ ఇచ్చేస్తావా?" అంది అమ్మమ్మ.

గంటలో ఒక కాలు సంచి అయిపోయింది. మోకాలి పైభాగం కత్తిరించి, తిరగేసి, అడుగున రెండు వరసల కుట్టు. నడుం పట్టీయే భుజానికి పట్టీ. వెనక జేబు విప్పి పైన అతికిస్తే బస్సు పాసుకు చోటు. మామూలు సూది ఒకటి ఠప్పున విరిగాక, మిషనుకు 16వ నంబరు సూది ఎక్కింది.

అమ్మమ్మ మనసు మాత్రం బొంత మీదే. దానికి కొత్త గుడ్డ పనికిరాదు. ఉతికి ఉతికి మెత్తబడ్డ నేతచీరలే కావాలి. వాటిని పొరలుగా పరిచి, ముడతల్లేకుండా అరచేత్తో సర్ది, పెద్ద సూదితో అడ్డకుట్లు.

కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ మహిళలు కుట్టే ఇలాంటి బొంత పేరు కవంది. అంచుల నుంచి మధ్యకు కుట్టుకొస్తారు. మూలల్లో మడత పెట్టిన చిన్న గుడ్డముక్కలు 'ఫూలా' అంటే పువ్వులు. అమెరికాలో అలబామా రాష్ట్రం జీస్ బెండ్ నల్లజాతి మహిళల బొంతలైతే 2006లో తపాలా బిళ్లల మీదకే ఎక్కాయి.

మనవి ఇంకా అటక మీదే ఉన్నాయి!

గిన్నెలాయన ఎప్పుడో వీధి దాటేశాడు. మనవరాలు ఇప్పుడు బీరువాలో అడుగు అర వెతుకుతోంది.

మీ ఇంట్లో ఎవరి చీర బొంతలోకి వెళ్లింది? ఫొటో ఉంటే కింద పెట్టండి.