చిన్న యక్షరములు

టెలివిజనులో వచ్చు వ్యాపారప్రకటనలను హిందీనుండి తెలుగు చేయుట నా జీవనోపాధి. పగలు వ్రాసినదానినే రాత్రి యింటిల్లిపాదితో గూర్చుండి చూచుచుందును. వండినవారు బంతిలో గూర్చున్నపుడు ఉప్పెక్కడ తగ్గినదో వారికే ముందుగా తెలియును. అందుచేత ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను.

ప్రకటన యనగా సరకును పొగడుట యని సామాన్యుల తలంపు. కాని ముప్పది సెకండ్ల ప్రకటనలో సరకు కనబడుటకు ముందే చూపరికొక లోటు కల్పింపబడును. చొక్కా మాపుకొన్నది పిల్లవాడు, తలవంచుకొనవలసినది తల్లి. తండ్రికి ఆ చొక్కాతో నిమిత్తమే లేదు. 1975లో మన దేశమున అమ్మకమునకు వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ యను లేపనము 2020లో ‘గ్లో అండ్ లవ్లీ’గా పేరు మార్చుకొనెను. మంచిదే, కాని యన్నియేండ్లు ఇంటింట నాటుకొనిన సిగ్గు పేరుతోపాటు పోవునా? పెండ్లిచూపులలో పిల్ల రంగు నడుగు నోళ్లు నేటికిని మూతపడలేదు.

మా పనిలోని మర్మ మొకటి చెప్పెదను. తెరపై నటి పెదవులు హిందీకి కదలుచుండగా తెలుగుమాట ఆ కదలికలోనే యిమిడిపోవలెను. ఒక్క యక్షరము పెరిగినను కత్తిరింపవలెను. ఇంత యిరుకున ‘కొందరికి’, ‘కొంతవరకు’ అను మాటలకు చోటెక్కడిది? అవి తెర యడుగున సన్నని యింగ్లీషు అక్షరములై పరుగెత్తును. వానినికూడ తెలుగు చేయుదునా యని యొక సంస్థవారి నడిగితిని. ‘ఎవరు చదువుతారండీ?’ అని నవ్విరి.

అడుగువారు లేకపోలేదు. ఒకనాడు మా అత్తగారు, ‘అడుగున చీమలబారులా ఏదో పోతోందే, ఏమిటది?’ అనిరి. ఫలితములు అందరికి నొకేరీతి నుండవనియు, చూపిన దృశ్యము కల్పితమనియు చదివి చెప్పితిని. ‘అసలు మాట అదేగా! మరి ఆ పిల్ల నోటితో చెప్పదేం?’ అనిరి. ఆమెకు ఇంగ్లీషు రాదు. కాని యింత సూటి ప్రశ్న నేను మా కార్యాలయములో నెన్నడు వినలేదు.

ఈ ప్రశ్నకు ప్రభుత్వము కొంత బదులు చెప్పినది. 2022 జూన్ నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణసంస్థ ప్రకటించిన నియమముల ప్రకారము, సరకునుగూర్చి చెప్పిన మాట యే భాషలో నున్నదో, దానికి జోడించు వివరణయు నా భాషలోనే, తేటగా కనబడునట్లు ఉండవలెను. అయినను నియమము ఢిల్లీలో నుండును. తెర మన నట్టింట నుండును.

ప్రకటనలను వెలివేయుడని నేను కోరను. మంచి సరకు సంగతి నలుగురికి తెలియుట తప్పు కాదు. ఆ పనివలన నావంటివారి సంసారములు గడచుచున్నవి. కేబుల్ టెలివిజను నియమములు గంటకు 12 నిమిషములకు మించి ప్రకటనలు కూడదనుచున్నవి. ఆ పండ్రెండు నిమిషములలో ఒక్కమారైనను, చదువు వచ్చినవారు అడుగు పంక్తిని తెలుగున బిగ్గరగా చదివి యింటివారికి వినిపింపవలెను. వినిన పిల్లలు పై మాటకును క్రింది మాటకును గల తేడా యేమని తామే యడుగుదురు.